లేవీయకాండంలోని అయిదు అర్పణలు: నేటి క్రైస్తవుడికి వాటితో పనేమిటి?

కొత్త సంవత్సరంలో బైబిలు మొత్తం చదవాలని మొదలుపెట్టేవాళ్లు ఆదికాండం ఇష్టంగా పూర్తి చేస్తారు. నిర్గమకాండంలో ఎర్ర సముద్రం దాటేదాకా ఉత్సాహంగానే వెళ్తారు. లేవీయకాండంలో అడుగు పెట్టగానే చాలామంది అక్కడే ఆగిపోతారు. కోడెదూడ, రక్తం, క్రొవ్వు, మూత్రగ్రంథులు, కాలేజం మీది వప. దహనబలి, నైవేద్యం, సమాధానబలి, పాపపరిహారార్థబలి, అపరాధపరిహారార్థబలి: ఒకసారి చెప్పిన ఈ అయిదు అర్పణలనే మళ్లీ ఇంకోసారి చెబుతున్నట్టు ఉంటుంది కూడా. నిజానికి అది అనవసరంగా చెప్పింది కాదు. మొదటి అధ్యాయం నుంచి 6:7 వరకు ముఖ్యంగా అర్పణ తెచ్చే ప్రజల కోసం, 6:8 నుంచి 7వ అధ్యాయం చివరి వరకు ముఖ్యంగా దాన్ని నిర్వహించే యాజకుల కోసం. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం గందరగోళం తీరుతుంది.

మిగతా సగం అన్వయంలో ఉంది. మన సంఘాల్లో ఈ అధ్యాయాలను రెండు విధాలుగా వాడుతుంటాం. "ఇవన్నీ సిలువతో అయిపోయాయి" అని పేజీలు తిప్పేయడం ఒకటి. ప్రతి వివరానికీ ఒక దాగి ఉన్న అర్థం వెతకడం ఇంకొకటి: క్రొవ్వంటే ఇది, మూత్రగ్రంథులంటే అది. రెండూ భక్తితో చేసేవే. కానీ రెండింటిలోనూ ఆ జంతువును తాడు పట్టుకుని ఆరాధన జరిగే గుడారం దాకా నడిపించుకొచ్చిన మనిషి మనకు కనబడడు. అతను ఎందుకు వచ్చాడు, ఏం పోగొట్టుకున్నాడు, ఎవరితో కలిసి తిన్నాడు, పొరుగువాడికి ఏం తిరిగి ఇచ్చాడు అనే ప్రశ్నలు మనం అడగం.

ఈ చిక్కుముడి విప్పడానికి నాకు కనిపించే దారి ఇది. ప్రతి అర్పణలోనూ బలిపీఠం మీద జరిగేది ఒకటి ఉంది, దాన్ని తెచ్చిన మనిషి చేయాల్సింది ఒకటి ఉంది. క్రీస్తులో నెరవేరి ముగిసింది మొదటిది. రెండోది చాలావరకు ముగియలేదు. ముగిసిందనుకుని మనం దాన్ని కూడా వదిలేశాం.

బలిపీఠం దగ్గర ఎవరి పని ఏది

అర్పణ అంటే యాజకుడు చేసే తంతు, మనం దూరంగా నిలబడి చూసేది అన్న ఊహ లేవీయకాండంలో లేదు. ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గరికి జంతువును తెచ్చేది ఆ ఇంటివాడే. దాని తల మీద చెయ్యి ఉంచేది అతనే. దహనబలి అయితే దాన్ని వధించేది, చర్మం ఒలిచేది, ముక్కలు చేసేది, ఆంత్రాలు కడిగేది కూడా అతనే. రక్తం, అగ్ని మాత్రం యాజకుల చేతిలో ఉంటాయి. ఇంటికి వెళ్లేటప్పటికి ఆ మనిషి చేతులకు వాసన అంటుకునే ఉంటుంది.

ఈ ఆరాధన మొదట గుడారంలో, తర్వాత యెరూషలేము దేవాలయంలో జరిగింది. క్రీ.శ. 70లో రోమా సైన్యం రెండో దేవాలయాన్ని కూల్చాక అక్కడ బలులు ఆగిపోయాయి. యూదులు ఆ అధ్యాయాలను పక్కన పెట్టలేదు. ఉదయం, సాయంత్రం అర్పించిన నిత్య దహనబలుల స్థానంలో తమ రోజువారీ ప్రార్థనలను చూసుకుంటూ వచ్చారు. మనం ఈ వాక్యాలను అన్వయించుకునేటప్పుడు, ఇవి మొదట ఆ ప్రజలకు ఇచ్చినవనీ, వాళ్లు నేటికీ వాటితో జీవిస్తున్నారనీ గుర్తుంచుకోవాలి.

క్రైస్తవ విశ్వాసానికి గీత గీసింది హెబ్రీయులకు రాసిన పత్రిక. ఎడ్ల రక్తం, మేకల రక్తం పాపాలను తీసివేయడం అసాధ్యమని పదో అధ్యాయం చెబుతుంది. క్రీస్తు ఒక్కసారే అర్పించుకున్నాడు, ఇక పాపానికి వేరే బలి లేదు. ఇందులో ఏ మినహాయింపూ లేదు. మన ఉపవాసం, మన కానుక, మన సేవ ఏదీ ఆ బలికి అదనపు చెల్లింపు కాదు.

అయితే అదే పత్రిక 13వ అధ్యాయంలో దేవుణ్ణి స్తుతించడాన్ని, ఉపకారం చేయడాన్ని, ఉన్నది పంచుకోవడాన్ని "యాగం" అని పిలుస్తుంది. పౌలు రోమీయులకు శరీరాలను సజీవ యాగంగా సమర్పించుకోమని రాశాడు. ఫిలిప్పీ సంఘం తన అవసరానికి ఎపఫ్రొదితు చేత పంపిన సహాయాన్ని దేవునికి ఇష్టమైన యాగం అన్నాడు. పేతురు ఆత్మసంబంధమైన బలుల గురించి రాశాడు. అంటే బలిపీఠపు భాషను అపొస్తలులు వదిలేయలేదు. దాన్ని వంటింట్లోకి, డబ్బు సంచిలోకి, నోటి మాటలోకి తెచ్చారు.

దహనబలి, నైవేద్యం

దహనబలిలో చర్మం యాజకుడిది, మిగతాదంతా అగ్నిదే. తెచ్చినవాడికి ఒక్క ముక్క కూడా రాదు. కోడెదూడ తేగలిగినవాడు కోడెదూడ, లేనివాడు గొర్రె లేదా మేక, అదీ లేనివాడు తెల్ల గువ్వ లేదా పావురపు పిల్ల. పశువుల్లో మగది, ఏ లోపమూ లేనిది కావాలి. మందను నమ్ముకుని బతికే ఇంట్లో అలాంటిదాన్ని ఇవ్వడమంటే వచ్చే ఏడాది ఆదాయంలో కొంత వదులుకోవడమే. దావీదుకు అరౌనా తన కళ్లాన్ని, ఎడ్లను ఉచితంగా ఇస్తానన్నాడు. తనకు ఖర్చు లేనిదాన్ని దహనబలిగా అర్పించనని దావీదు 50 తులాల వెండి ఇచ్చి కొన్నాడు. తర్వాతి కాలంలో జనం గుడ్డివీ కుంటివీ తెస్తుంటే, వాటిని మీ అధికారికి ఇచ్చి చూడండి, తీసుకుంటాడేమో అని మలాకీ ప్రవక్త అడిగాడు.

మన ప్రసంగాల్లో దహనబలి జీవితం అనగానే ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు వెళ్లడం అన్న అర్థం వచ్చేసింది. రోమా 12 ముందుకు చదివితే పౌలు చెప్పే సజీవ యాగం అందరికీ సంబంధించినదని తెలుస్తుంది. అతిథులను చేర్చుకోవడం, ఏడ్చేవాళ్లతో ఏడవడం, తక్కువవాళ్లతో కలిసి మెలగడం, పగ తీర్చుకోకపోవడం, శత్రువు ఆకలితో ఉంటే అన్నం పెట్టడం. ఇందులో ప్రతిదానికీ మనం ఇచ్చేది ఉంది, తిరిగి చేతికి వచ్చేది ఉండకపోవచ్చు. పగ వదులుకున్నవాడికి అది తెలుసు.

దహనబలి గురించి ఎవరూ ప్రసంగించని మాట ఒకటి ఆరో అధ్యాయంలో ఉంది. రాత్రంతా కాలాక యాజకుడు నారబట్టలు వేసుకుని బూడిద ఎత్తి బలిపీఠం పక్కన పోయాలి. తర్వాత బట్టలు మార్చుకుని ఆ బూడిదను పాళెం బయట పవిత్ర స్థలానికి మోసుకెళ్లాలి. అగ్ని ఆరకూడదన్న ఆజ్ఞ ఈ బూడిద ఎత్తే పనితో కలిసే ఉంది. చర్చి తెరవకముందే వచ్చి ఊడ్చి, కుర్చీలు వేసి, కూడిక అయ్యాక గిన్నెలు కడిగేవాళ్ల పని లేవీయకాండం లెక్కలో యాజకుడి పనే. మనం మాత్రం మైకు పట్టుకున్నవాళ్లనే సేవకులంటున్నాం.

నైవేద్యం గురించి కొద్దిగానే చెప్తాను. మెత్తని గోధుమపిండి, నూనె, సాంబ్రాణి. పొయ్యిలో కాల్చినా, పెనం మీద చేసినా, కుండలో వండినా సరే, ఉప్పు మాత్రం తప్పకుండా ఉండాలి. పులిసిన పిండి, తేనె అగ్నిలో వేయకూడదు. ఎందుకో వాక్యం చెప్పలేదు కాబట్టి నేను కారణం కల్పించను. ఇందులో మనకు సూటిగా తగిలేది, పిడికెడే కాలుతుంది, మిగతాది యాజకుల భోజనం. వాళ్లకు భూమిలో స్వాస్థ్యం లేదు. పల్లెల్లో పాస్టర్ల ఇళ్లలో నెల చివర ఏముంటుందో సంఘం ఎప్పుడైనా అడిగిందా? దేవుడికి ఇచ్చిన పిండిలో ఎక్కువ భాగం ఒక కుటుంబం అన్నం తినడానికి వెళ్లిందన్నది ఈ అర్పణలోనే రాసి ఉంది.

కలిసి తినే బలి

సమాధానబలి నాకు ఈ అయిదింటిలో ఎంతో ఇష్టమైనది. తెచ్చినవాడు తాను కూడా తినే అర్పణ ఇదొక్కటే. క్రొవ్వు దేవుడిది, బోర అహరోను సంతతిది, కుడి జబ్బ ఆ బలి నడిపించిన యాజకుడిది. మిగిలిన మాంసమంతా ఇంటివాడిది. అయితే ఒక నియమం ఉంది. కృతజ్ఞత చెల్లించడానికి తెచ్చినదైతే ఆ రోజే తినేయాలి, తెల్లారేదాకా ఉంచకూడదు. మొక్కుబడి లేదా స్వేచ్ఛార్పణ అయితే రెండో రోజు కూడా తినొచ్చు. మూడో రోజుకు మిగిలింది కాల్చేయాలి.

ఒక ఎద్దును ఒక కుటుంబం ఒక్క రోజులో తినలేదు. గొర్రె అయినా కష్టమే. దాచుకోవడానికి వీల్లేనప్పుడు పిలవక తప్పదు. ఎవరిని పిలవాలో ద్వితీయోపదేశకాండం పండుగల భోజనాల సందర్భంలో చెబుతుంది: కొడుకులు, కూతుళ్లు, దాసదాసీలు, ఊళ్లో ఉన్న లేవీయుడు, పరదేశి, తండ్రి లేనివాళ్లు, విధవరాళ్లు. 22వ కీర్తనలో మొక్కుబళ్లు చెల్లిస్తానన్న మాట వెంటనే దీనులు భోజనం చేసి తృప్తి పొందుతారన్న మాట వస్తుంది.

మన తెలుగు క్రైస్తవ ఇళ్లలో దీనికి దగ్గరగా ఉన్నది కృతజ్ఞత కూడిక. కొత్త ఇల్లు, ఉద్యోగం, వీసా, పుట్టిన బిడ్డ, ఆపరేషన్ తర్వాత ఇంటికి రావడం, ఇలా ప్రతి మేలుకూ ఒక కూడిక, తర్వాత భోజనం. నిజంగా మంచి అలవాటు. అయితే ఆ పిలుపుల లిస్టు ఒకసారి చూసుకోవాలి. మనల్ని తిరిగి పిలవగలిగేవాళ్లే ఉన్నారా? ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ, ఆ బిడ్డను చూసుకున్న ఆయా ఉన్నారా?

ఇంకా లోతుగా తగిలే ప్రశ్న కులానిది. ఒకే ఊళ్లో మాలలకు ఒక చర్చి, మాదిగలకు ఒక చర్చి ఉన్నచోట్లు మనకు తెలుసు. పై కులం నుంచి వచ్చిన విశ్వాసి ప్రార్థనకు వచ్చి భోజనానికి కూర్చోకుండా వెళ్లడమూ తెలుసు. కొరింథులో కొందరు ఆకలితో ఉండగా కొందరు మత్తులో ఉన్నారని విన్నప్పుడు, మీరు తినేది ప్రభువు రాత్రి భోజనం కాదని పౌలు రాశాడు. సమాధానబలి తీసుకెళ్లే చోటు అదే: బల్ల దగ్గర ఎవరు లేరో దాన్ని బట్టి మన కృతజ్ఞత ఏపాటిదో తెలుస్తుంది.

ఈ భోజనం దగ్గరే యాజకుడైన ఏలీ కొడుకుల కథ కూడా చదవాలి. మాంసం ఉడుకుతుండగా వాళ్ల పనివాడు మూడు ముళ్ల కొంకితో వచ్చి గుచ్చి తీసుకునేవాడు. క్రొవ్వు కాలకముందే వచ్చి పచ్చి మాంసం అడిగి, ఇప్పుడే ఇవ్వు, లేదంటే బలవంతంగా తీసుకుంటాను అనేవాడు. జనం యెహోవాకు అర్పణ తేవడానికే అసహ్యపడ్డారు. ఇప్పుడు కొన్ని వేదికల మీద విత్తనం కానుక వేస్తే ఇంతలు తిరిగి వస్తుందని ఒత్తిడి పెట్టేవాళ్లను చూసి, పేదవాళ్లు అప్పు చేసి వేయడం చూసి నాకు ఆ కొంకే గుర్తొస్తుంది. ఈ అయిదు అర్పణల్లో ఏదీ ఫలితం కొనుక్కోవడానికి పెట్టినది కాదు. మొక్కుబడి కూడా ఎవరూ బలవంతపెట్టేది కాదు. మొక్కుకోకపోతే పాపం లేదని ద్వితీయోపదేశకాండం 23 స్పష్టంగా చెబుతుంది.

తెలియక చేసిన పాపం, పెద్దవాళ్ల పాపం

పాపపరిహారార్థబలి అనగానే మనం అన్ని పాపాలకూ ఇదే మందు అనుకుంటాం. నాలుగో అధ్యాయం మాట్లాడేది పొరబాటున, తెలియక చేసినవాటి గురించి. ఐదో అధ్యాయం మొదట్లో దానికి తోడుగా కొన్ని ఉదాహరణలు వస్తాయి. వాటిలో మొదటిది, సాక్షి అయి ఉండి, చూసి గానీ విని గానీ తెలిసి ఉండి, చెప్పకుండా ఊరుకోవడం. పక్కింట్లో కోడల్ని కొడుతున్న శబ్దం విని టీవీ సౌండ్ పెంచుకున్నవాడు ఈ వాక్యం కింద నిలబడతాడు. మన పాపపు ఒప్పుకోళ్లలో ఈ మౌనం ఎప్పుడూ ఉండదు.

అభిషిక్తుడైన యాజకుడు పాపం చేస్తే కోడెదూడ. సమాజమంతా చేసినా కోడెదూడే. అధికారి అయితే మగ మేకపిల్ల, సామాన్యుడు అయితే ఆడ మేకపిల్ల లేదా ఆడ గొర్రెపిల్ల. యాజకుడి పాపం వల్ల ప్రజలు అపరాధులవుతారని వాక్యం చెబుతుంది, అందుకే ఒక్కడి తప్పు సమాజమంతటి తప్పుతో సమానంగా తూగింది. నాయకుడి తప్పు బయటపడగానే "అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అని నోరు మూయించే అలవాటు ఈ అధ్యాయాన్ని తలకిందులు చేస్తుంది. ఇక్కడ అభిషేకం ఉన్నవాడి మీదే ఎక్కువ బరువు పెట్టారు.

కింది మెట్టు కూడా చూడాలి. గొర్రెపిల్ల తేలేనివాడు రెండు పక్షులు తేవచ్చు. అవీ లేకపోతే తూములో పదో వంతు పిండి, నూనె లేకుండా, సాంబ్రాణి లేకుండా. మరియ, యోసేపు యేసు పుట్టాక దేవాలయానికి తెచ్చింది పక్షులే. డబ్బు లేక క్షమాపణకు దూరమైనవాడు ఇశ్రాయేలులో ఉండకూడదన్నదే ఆ ఏర్పాటు.

తిరిగి ఇవ్వడం

అపరాధపరిహారార్థబలి మనం పూర్తిగా మరచిపోయింది. ఇందులో రెండు భాగాలు. ఒకటి, లోపం లేని పొట్టేలు. రెండోది, పొరుగువాడికి జరిగిన నష్టం. నమ్మి దాచమని ఇచ్చిన సొమ్ము కాజేసినా, దోచుకున్నా, బలవంతంగా లాక్కున్నా, దొరికిన వస్తువు గురించి అబద్ధం చెప్పినా, దాన్ని పూర్తిగా తిరిగి ఇచ్చి, పైన ఐదో వంతు కలపాలి. 10,000 తీసుకుంటే 12,000. అదీ ఎప్పుడో కాదు, అపరాధపరిహారార్థబలి అర్పించే దినానే. ఆరో అధ్యాయంలో ముందు సొత్తుదారుడికి ఇవ్వడం వస్తుంది, ఆ తర్వాతే పొట్టేలు.

బలిపీఠం మీద జరిగేదాన్ని, మనిషి చేయాల్సినదాన్ని వేరు చేసి చూడమన్నది ఇందుకే. యెషయా 53 బాధపడే సేవకుణ్ణి అపరాధపరిహారార్థబలి అంటుంది. ఆ పొట్టేలు స్థానంలో క్రీస్తు నిలిచాడు. మరి ఆ 12,000? పొట్టేలు దాన్ని ఎన్నడూ తీర్చలేదు. అది పొట్టేలు పనే కాదు. కాబట్టి సిలువ తర్వాత కూడా ఆ డబ్బు ఇవ్వాల్సినవాడు ఇవ్వాల్సిందే. "దేవుడు నన్ను క్షమించాడు" అన్న సాక్ష్యం చెప్పి, అప్పు ఇచ్చినవాడి ఫోన్ ఎత్తకపోవడం లేవీయకాండంలోనూ కుదరదు, కొత్త నిబంధనలోనూ కుదరదు.

సుంకాలు వసూలు చేసే జక్కయ్యను చూడండి. యేసు ముందు అతని ఇంటికి వెళ్లాడు, తర్వాతే జక్కయ్య లేచి నిలబడ్డాడు. కృప ముందు, చెల్లింపు తర్వాత. తనంతట ఒప్పుకున్నవాడికి సంఖ్యాకాండం 5 అడిగేది ఐదో వంతే. అతను మాత్రం నాలుగంతలు ఇస్తానన్నాడు. అది గొర్రెను దొంగిలించి అమ్మినవాడికో, చంపినవాడికో నిర్గమకాండం 22 వేసిన లెక్క. తనను తాను దొంగల వరసలో పెట్టుకున్నాడు. యేసు కూడా కానుకను బలిపీఠం ముందు వదిలేసి ముందు సహోదరుడితో సమాధానపడమన్నాడు. ఆ మాట విన్నవాళ్లలో గలిలయ వాళ్లు ఉన్నారు. యెరూషలేము నుంచి గలిలయకు వంద కిలోమీటర్లకు పైనే. కానుక అక్కడ వదిలి ఇంటికి నడిచి, మళ్లీ తిరిగి రావాలి.

మన జీవితాల్లో ఇది ఎక్కడ తగులుతుంది? అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశాక ఏదో ఒక వంక పెట్టి ఉంచుకున్న అడ్వాన్సు. పండుగ దాకా ఆపిన కూలి. అన్నదమ్ముల పంపకంలో చెల్లెలికి తెలియకుండా జరిపిన గట్టు. కొడుకు పెళ్లిలో ఒత్తిడి పెట్టి తీసుకున్న కట్నం. కట్నం మన దేశంలో 1961 నుంచి చట్టరీత్యా నేరం. అయినా చర్చి పెళ్లిళ్లలో అది ఆగలేదు. ఆ డబ్బుకు ఐదో వంతు కలిపి కోడలి చేతికి ఇచ్చిన అత్తమామలను ఒక సంఘం చూస్తే, అక్కడ వంద ప్రసంగాల అవసరం ఉండదు.

డబ్బు కానిది కూడా ఉంది. వాట్సాప్ గ్రూపులో ఒకరి పరువు తీసి, విడిగా ఫోన్ చేసి సారీ చెప్పడం పూర్తి చెల్లింపు కాదు. ఎవరెవరి ముందు అన్నామో వాళ్లందరి ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాలి, వాళ్లు ఇంకెవరికి చెప్పారో అక్కడికీ వెళ్లాలి.

ఆరో అధ్యాయంలో నేను మళ్లీ మళ్లీ ఆగే చోటు ఒకటుంది. అపరాధికి ఇన్ని ఆజ్ఞలున్నాయి, నష్టపోయినవాడికి ఒక్కటీ లేదు. అతను క్షమించాలని, కౌగిలించుకోవాలని, సంఘం ముందు చేయి కలపాలని అక్కడ రాయలేదు. క్షమించమని యేసు మనకు చెప్పాడు, నిజమే. కానీ మన సంఘాల్లో గొడవ తీర్చేటప్పుడు పెద్దలు మొదట ఒత్తిడి పెట్టేది నష్టపోయినవాళ్ల మీద. హింసకు గురైన స్త్రీని కూర్చోబెట్టి "క్షమించమ్మా" అంటారు, అతను ఏం తిరిగి ఇవ్వాలో ఎవరూ అడగరు. ఆమె అతని ముఖం చూడనంటే చూడనక్కర్లేదు. అతని చెల్లింపు ఇంకొకరి చేతి మీదుగా రావచ్చు. నేరం జరిగిన చోట పోలీసుల దగ్గరికి వెళ్లడం కూడా ఆ చెల్లింపులో భాగమే.

నష్టపోయినవాడు చనిపోతే? సంఖ్యాకాండం 5:8 దానికీ సమాధానం ఇస్తుంది. దగ్గరి బంధువుకు ఇవ్వాలి. బంధువు కూడా లేకపోతే అది యెహోవాది, యాజకుడికి చేరుతుంది. ఏ సందర్భంలోనూ అది తీసుకున్నవాడి దగ్గర ఉండిపోదు. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి మన ఇంటి స్లాబు వేసి, పూర్తి కూలి అందకుండానే ఊరికి వెళ్లిపోయిన మనిషి ఆచూకీ దొరకడం కష్టమే. ముందు కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి నంబరు అడగాలి. దొరక్కపోతే ఆ మొత్తం, పైన ఐదో వంతు కలిపి, ఆ అడ్డాలోనే పని కోసం నిలబడ్డ అతని ఊరివాళ్లకు చేర్చాలి.

సంఘ పెద్దలను ఒక్కటి అడుగుతాను. ప్రభు బల్ల ఉన్న ఆదివారానికి వారం ముందే ప్రకటన చేయండి. ఎవరికి ఎంత ఇవ్వాలో రాసుకోవడానికి, వెళ్లి ఇచ్చి రావడానికి ఆ వారం రోజులు వదిలేయండి. చేతిలో డబ్బు లేనివాళ్లకు సంఘ నిధి నుంచి వడ్డీ లేకుండా ఇవ్వండి.